ఎవరి గడియారంతో కొలవాలి? సర్వర్ జావాస్క్రిప్ట్‌లో లూప్ భారం, స్పందన

స్మారకోపన్యాసానికి ఈ విషయం మరీ ఇరుకైనదని కొందరికి తోచవచ్చు. కానీ టికెట్టు కోసం, పరీక్ష ఫలితం కోసం, బ్యాంకు ఖాతా కోసం ఫోన్ తెర మీద గుండ్రంగా తిరిగే గుర్తును చూస్తూ కూర్చునే మనిషికి ఇది ఇరుకైన విషయం కాదు. ఆ గుర్తు వెనక నడుస్తున్న ప్రోగ్రాముల్లో జావాస్క్రిప్ట్‌లో రాసినవి ఇప్పుడు తక్కువేమీ లేవు. అలాంటి సర్వర్ ఎంత పని మోస్తోందన్నది ఒక ప్రశ్న. వచ్చినవాళ్లకు ఎంత త్వరగా బదులిస్తోందన్నది ఇంకో ప్రశ్న. రెండింటికీ ఒకే అంకెతో జవాబు చెప్పాలని చూస్తున్నాం, అక్కడే దెబ్బ తింటున్నాం. అంతకన్నా పెద్ద చిక్కు ఏమిటంటే, రెండో ప్రశ్నకు మనం వాడే కొలతలు చాలావరకు సర్వర్ గడియారంతో తీసినవి. వేచి ఉన్న రిక్వెస్టు గడియారంతో తీస్తే అవే సంగతులు పూర్తిగా వేరుగా కనిపిస్తాయి. ఈ తేడాను లెక్కతో సహా చూపించాలన్నదే నా ప్రయత్నం.

ఇలాంటి సర్వర్లు ఒకే థ్రెడ్ మీద నడిచే పద్ధతి ఎందుకు పుట్టిందో ముందు చెప్పుకోవాలి. ఒక్క యంత్రం ఒకేసారి పది వేల కనెక్షన్లను ఎలా నిలబెట్టుకోవాలన్న సమస్యను 1999లో డాన్ కెగెల్ సీ10కే అన్న పేరుతో చర్చకు పెట్టాడు. కనెక్షన్‌కు ఒక థ్రెడ్ చొప్పున కేటాయిస్తే మెమరీ, థ్రెడ్ల మార్పిడికయ్యే ఖర్చూ యంత్రాన్ని మింగేస్తాయి. ఒకే థ్రెడ్ కూర్చుని, ఎవరి డేటా సిద్ధమైందో ఆపరేటింగ్ సిస్టమ్‌ను అడిగి, సిద్ధమైనవాళ్ల పని మాత్రమే చేయడం దానికి విరుగుడు. 2004లో వెలువడిన ఎంజిన్ఎక్స్ వెబ్ సర్వర్ ఆ దారిలోనే నడిచింది. 2009 నవంబరులో బెర్లిన్‌లో జరిగిన జేఎస్‌కాన్ఫ్‌లో రయాన్ డాల్ సర్వర్‌లో జావాస్క్రిప్ట్ నడిపే నోడ్ జేఎస్‌ను ప్రదర్శించినప్పుడు, గూగుల్ క్రోమ్ కోసం తయారైన వీ8 ఇంజిన్‌ను ఈ పద్ధతికి జోడించాడు. తర్వాత లిబ్‌యూవీ అనే సీ లైబ్రరీ ఆ చక్రాన్ని నడిపే బాధ్యత తీసుకుంది. లైనక్స్ మీద అది ఈపోల్ అనే కెర్నెల్ సదుపాయాన్ని అడుగుతుంది: ఏమైనా వచ్చిందా? రాకపోతే అక్కడే ఆగి నిద్రపోతుంది. వస్తే లేచి, వాటికి కట్టి ఉన్న కాల్‌బ్యాక్‌లను ఒకదాని తర్వాత ఒకటి నడుపుతుంది. గడువు తీరిన టైమర్లు, కొత్తగా వచ్చిన డేటా, మూసుకున్న సాకెట్లు, అన్నీ ఆ ఒక్క థ్రెడ్ మీదే వరుసగా సాగుతాయి. దీన్నే ఈవెంట్ లూప్ అంటున్నాం.

ఈ ఏర్పాటుకు చెల్లించాల్సిన మూల్యం ఒకటుంది. ఒక కాల్‌బ్యాక్ తన పని ముగించేదాకా మిగతా లోకమంతా ఆగాలి. ఒకే గుమాస్తా ఉన్న మీసేవ కేంద్రంలో ఒకరి దరఖాస్తు చిక్కుపడితే, కేవలం సర్టిఫికెట్ తీసుకుపోవడానికి వచ్చినవాడు కూడా అంతసేపూ నిలబడక తప్పదు. అసింక్, అవైట్ అన్న మాటలు రాస్తే ఈ ఇబ్బంది తీరుతుందనే నమ్మకం కుర్రవాళ్లలో బలంగా ఉంది. అది నిజం కాదు. నెట్‌వర్క్ జవాబు కోసం అవైట్ చేస్తే లూప్ ఖాళీ అవుతుంది. పెద్ద జేసన్‌ను పార్స్ చేసే ఫంక్షన్‌కు ముందు అసింక్ అని రాసినంత మాత్రాన పార్సింగ్ ఎక్కడికీ పోదు, అదే థ్రెడ్ మీద అంతే సేపు సాగుతుంది. అప్పటికే తీరిపోయిన ప్రామిస్‌ల మీద అవైట్ చేస్తూ పోయినా లూప్ ముందుకు కదలదు. ఆ అవైట్‌లు పుట్టించే మైక్రోటాస్క్‌ల వరుస మొత్తం ఖాళీ అయితేగాని లిబ్‌యూవీకి వంతు రాదు.

మరి భారాన్ని కొలవడం ఎలా? జావాస్క్రిప్ట్ నడిచేది ఒక్క థ్రెడ్ మీదే కదా, సీపీయూ వాడకం చూస్తే సరిపోదా అన్నది మొదట వచ్చే అభ్యంతరం. చూడటానికి సబబుగానే ఉంది, పరీక్షిస్తే నిలవదు. నోడ్ అధికారిక పత్రాల్లోనే దీనికి జవాబుగా ఒక చిన్న ఉదాహరణ ఉంది. స్పాన్‌సింక్ అనే ఫంక్షన్‌తో 5 సెకన్లు నిద్రపోయే ఉపప్రక్రియను పుట్టిస్తే, అది ముగిసేదాకా లూప్ కదలదు. ఆ 5 సెకన్లూ సీపీయూ దాదాపు ఖాళీ. లూప్ మాత్రం నూటికి నూరు శాతం బిగుసుకుపోయి ఉంటుంది. నెమ్మదైన డిస్కు నుంచి సింక్ పద్ధతిలో ఫైలు చదివినా ఇదే జరుగుతుంది. దీనికి ఎదురు పరిస్థితి కూడా ఉంది: చెత్త సేకరణకు వీ8 వాడే సహాయక థ్రెడ్లూ, లిబ్‌యూవీ థ్రెడ్ పూల్ పనీ ప్రక్రియ ఖాతాలోనే పడతాయి కాబట్టి, లూప్ తీరిగ్గా ఉన్నా సీపీయూ అంకె వందను దాటగలదు. కంటెయినర్లు వచ్చాక పరిస్థితి ఇంకా ముదిరింది. కంటెయినర్లను నడిపించే కుబర్నెటీస్‌లో అర సీపీయూ పరిమితి పెడితే, లైనక్స్ ప్రతి 100 మిల్లీసెకన్ల కాలంలో 50 మిల్లీసెకన్లు వాడుకోనిచ్చి మిగతా సగం ప్రక్రియను ఆపేస్తుంది. కోర్ లెక్కన చూస్తే వాడకం సగమే. కానీ ఆ సగంలోనే సర్వర్ ఊపిరాడక నిలబడి ఉంటుంది.

అందుకే లూప్‌నే నేరుగా అడిగే కొలత అవసరమైంది. ట్రెవర్ నోరిస్ ప్రతిపాదించి రాసిన ఈవెంట్ లూప్ యుటిలైజేషన్, వాడుకలో ఈఎల్‌యూ, 2020లో నోడ్ 14.10లోనూ, 12.19లోనూ చేరింది. భావం సులువు. లూప్ ఈపోల్ దగ్గర నిద్రపోయిన సమయాన్ని లిబ్‌యూవీ లెక్కపెడుతుంది. గడిచిన మొత్తం కాలంలోంచి ఆ నిద్రను తీసేస్తే మిగిలేది మెలకువ. మెలకువను మొత్తంతో భాగిస్తే సున్నాకూ ఒకటికీ మధ్య ఒక నిష్పత్తి వస్తుంది. ఇది గోడ గడియారం మీద నడిచే లెక్క కాబట్టి స్పాన్‌సింక్‌లో ఇరుక్కున్న 5 సెకన్లూ, కంటెయినర్ పరిమితి వల్ల ఆగిన సమయమూ రెండూ ఇందులోకి వస్తాయి. రెండు క్షణాల్లో తీసిన లెక్కల తేడా చూస్తే ఆ మధ్యకాలపు భారం తెలుస్తుంది. భారానికి ఇంతకన్నా నిజాయితీ గల అంకె సర్వర్ జావాస్క్రిప్ట్‌లో లేదని నా అభిప్రాయం. ఇంకో యంత్రం తెచ్చుకోవాలా, ఉన్నది చాలా అన్న నిర్ణయానికి దీన్నే ఆధారం చేసుకోవాలి.

అయితే భారం తెలిసినంత మాత్రాన స్పందన తెలిసినట్టేనా? ఈ ప్రశ్న కంప్యూటర్ల కన్నా పాతది. కోపెన్‌హాగెన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఎర్లాంగ్ 1909లోనే ఫోను కాల్స్ రాకను సంభావ్యతతో లెక్కగట్టాడు. ఆయన వేసిన బాటలో పెరిగిన క్యూ సిద్ధాంతం మనకు చెప్పే మొదటి సంగతి, నిరీక్షణ భారంతోపాటు సమంగా పెరగదని. రాకలూ, పనుల నిడివీ యాదృచ్ఛికంగా ఉండే అతి సరళమైన నమూనాలో, భారం 0.5 అయితే సగటు నిరీక్షణ ఒక పని నిడివికి సమానం. 0.8కి నాలుగు రెట్లు, 0.9కి తొమ్మిది, 0.95కి పంతొమ్మిది. చివరి 5 శాతం కోసం పాకులాడేవాళ్లు మధ్యలో ఎన్ని రెట్లు చెల్లిస్తున్నారో ఇందులో కనిపిస్తుంది. రెండో సంగతి ఇంకా ముఖ్యం. 1930ల మొదట్లో పొలాచెక్, ఖించిన్ ఇద్దరూ వేర్వేరుగా సాధించిన సూత్రం ప్రకారం, నిరీక్షణను శాసించేది పని సగటు నిడివి ఒక్కటే కాదు, నిడివి వర్గాల సగటు కూడా. వర్గం అన్నాక పెద్ద పనికి దాని పరిమాణాన్ని మించిన బరువు వస్తుంది.

దీన్ని అంకెల్లో పెడదాం. మొదటి సర్వర్‌లో ప్రతి పనీ 1 మిల్లీసెకను, సెకనుకు 200 పనులు. ఈఎల్‌యూ 0.2. రెండో సర్వర్ మిగతా సమయమంతా దాదాపు ఖాళీ, కానీ 10 సెకన్లకోసారి ఒక భారీ నివేదికను జేసన్‌గా మార్చడానికి 2 సెకన్లు బిగుసుకుపోతుంది. దాని ఈఎల్‌యూ కూడా 0.2. డ్యాష్‌బోర్డు మీద రెండూ కవలల్లా కనిపిస్తాయి. పొలాచెక్, ఖించిన్ సూత్రం ప్రకారం మొదటి సర్వర్‌లో సగటు నిరీక్షణ మిల్లీసెకనులో ఎనిమిదో వంతు. రెండోదాంట్లో ఎప్పుడో ఒకప్పుడు వచ్చే చిన్న రిక్వెస్టును తీసుకోండి: అయిదింట ఒకటి ఆ 2 సెకన్ల బిగింపులో పడుతుంది, పడినవి సగటున 1 సెకను ఆగుతాయి. మొత్తం మీద సగటు 200 మిల్లీసెకన్లు. భారం ఒకటే, నిరీక్షణలో తేడా 1,600 రెట్లు. బిగింపు విడిపోయాక ఆ 2 సెకన్లలో పోగుపడినవన్నీ ఒక్కసారిగా మీద పడతాయి కాబట్టి అసలు తేడా ఇంకొంచెం ఎక్కువే.

ఈ తేడాను పట్టుకోవడానికే ఆలస్యాన్ని విడిగా కొలిచే అలవాటు వచ్చింది. సెట్ ఇంటర్వల్ ఒకటి పెట్టి, అది అనుకున్న సమయం కన్నా ఎంత ఆలస్యంగా మోగిందో చూడటం పాత పద్ధతి. మొజిల్లాలో పుట్టిన టూబిజీ అనే మాడ్యూల్ ఆ లెక్క 70 మిల్లీసెకన్లు దాటితే సర్వర్‌కు పని ఎక్కువైనట్టు భావించేది. 2019లో నోడ్ 11.10తో మానిటర్ ఈవెంట్ లూప్ డిలే అనే ఫంక్షన్ ప్లాట్‌ఫామ్‌లోనే వచ్చింది. అది సీ++ స్థాయిలో టైమర్ నడిపి, ఒక్కో మోతకూ దాని ముందు మోతకూ మధ్య దూరాన్ని నానోసెకన్లలో హిస్టోగ్రామ్‌లోకి ఎక్కిస్తుంది. టైమర్ విరామం మామూలుగా 10 మిల్లీసెకన్లు. అందుకే ఏ పనీ లేని సర్వర్‌లో కూడా 10కి కాస్త పైగా అంకె కనిపిస్తుంది. దాన్ని ఆలస్యంగా పొరబడేవాళ్లున్నారు, అది విరామం మాత్రమే.

ఇప్పుడు రెండో సర్వర్‌ను ఈ పరికరంతో చూడండి. 10 సెకన్లలో ఖాళీగా ఉన్న 8 సెకన్లకు 800 మోతలు, అన్నీ బాగున్నాయి. బిగింపు సాగిన 2 సెకన్లకు ఒక్కటే మోత, ఎందుకంటే టైమర్ కూడా ఆ లూప్ మీదే బతుకుతోంది. తప్పిపోయిన మోతలు తర్వాత తిరిగి రావు. మొత్తం 801 నమూనాల్లో చెడ్డది ఒకటి. 99వ పర్సెంటైల్ అడిగితే 10 మిల్లీసెకన్లు అంటుంది. సగటు 12.5 అంటుంది, ఎవరి కనుబొమ్మా కదలదు. కానీ వినియోగదారుల్లో అయిదో వంతు ఆ ఒక్క నమూనాలోనే ఉన్నారు! కొలిచేవాడు కూడా కొలవబడే దానితోపాటు ఆగిపోతే, చెడ్డ సమయానికి సాక్ష్యమే తగ్గిపోతుంది. హెచ్‌డీఆర్ హిస్టోగ్రామ్‌ను రూపొందించిన గిల్ టెనే ఏళ్ల తరబడి కోఆర్డినేటెడ్ ఒమిషన్ అన్న పేరుతో హెచ్చరిస్తున్నది దీని గురించే. నోడ్ వాడేదీ ఆయన హిస్టోగ్రామ్ పద్ధతే.

పరికరాన్ని పారేయమని నేననను. దాన్ని వేరే రకంగా చదవమంటాను. యాదృచ్ఛికంగా వచ్చే రిక్వెస్టు ఏ విరామంలో పడుతుందన్నది విరామం పొడవును బట్టి ఉంటుంది. పడ్డాక సగటున ఆ పొడవులో సగం ఆగుతుంది. కాబట్టి దాని సగటు నిరీక్షణ, విరామాల వర్గాల సగటును వాటి సగటుకు రెట్టింపుతో భాగిస్తే వచ్చేది. హిస్టోగ్రామ్ సగటునూ, ప్రామాణిక విచలనాన్నీ రెండింటినీ ఇస్తుంది. రెండింటి వర్గాలూ కలిపితే వర్గాల సగటు దొరికినట్టే. మన ఉదాహరణలో సగటు 12.5, విచలనం దాదాపు 70. కలిపి భాగిస్తే సుమారు 204 మిల్లీసెకన్లు వస్తుంది. అందులో 5 వరకు టైమర్ సొంత విరామం వల్ల వచ్చింది, అది తీసేస్తే మిగిలేది దాదాపు ఇందాకటి 200. కొత్త లైబ్రరీ అక్కర్లేదు, కొత్త ఖర్చూ లేదు. ఉన్న రెండు అంకెలను కలిపి చదివితే లూప్ గడియారం రిక్వెస్టు గడియారంగా మారుతుంది. పర్సెంటైళ్ల గీతలు పదిహేను గీసి ఈ ఒక్క గీత గీయని డ్యాష్‌బోర్డులు ఎన్నో ఉన్నాయి, అది విచారించాల్సిన సంగతి.

లోపల ఇంత వెతుకులాట ఎందుకు, రిక్వెస్టుకు పట్టిన సమయాన్నే కొలిస్తే పోలేదా అని ఎవరైనా అడగవచ్చు. ఎక్కడి నుంచి కొలుస్తారన్నది నా ఎదురు ప్రశ్న. సర్వర్‌లోని మిడిల్‌వేర్ గడియారం నొక్కేది రిక్వెస్టు తన చేతికి వచ్చాకే. అంతకుముందు అది కెర్నెల్ బఫర్‌లో పడి 2 సెకన్లు ఎదురుచూసి ఉంటే, ఆ సంగతి మిడిల్‌వేర్‌కు తెలిసే దారి లేదు. లాగ్‌లో 3 మిల్లీసెకన్లని రాస్తుంది, నిజమేననుకుంటుంది. బయట లోడ్ బ్యాలన్సర్ దగ్గర కొలిస్తే మొత్తం సమయం తెలుస్తుంది, కానీ అందులో డేటాబేసు ఆలస్యం ఎంతో, లూప్ ఆలస్యం ఎంతో విడదీయలేం. రెండు కొలతలూ ఉండాలి, ఒకటి రెండోదానికి బదులు కాదు.

సర్వర్ బతికే ఉందా అని అడిగే హెల్త్ చెక్ ఉంది కదా అనేవాళ్లకు ఒక జరిగిన సంగతి చెబుతాను. 2016 జులై 20న స్టాక్ ఓవర్‌ఫ్లో సైట్ 34 నిమిషాలు నిలిచిపోయింది. ఒక పోస్టులోని వ్యాఖ్యాన వరుసలో దాదాపు 20,000 ఖాళీ అక్షరాలు వరుసగా ఉన్నాయి. వరుస చివర ఖాళీలను తుడిచేందుకు రాసిన రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్, మొదటి ఖాళీ నుంచి చివరిదాకా వెళ్లి, అక్కడ వేరే అక్షరం తగలగానే వెనక్కి వచ్చి, రెండో ఖాళీ నుంచి మళ్లీ మొదలుపెట్టింది. 20,000, తర్వాత 19,999, తర్వాత 19,998, అలా కలుపుకుంటూ పోతే దాదాపు 20 కోట్ల పరీక్షలు. ఆ పోస్టు మొదటి పేజీలో కనిపించింది, లోడ్ బ్యాలన్సర్ హెల్త్ చెక్ కూడా ఆ మొదటి పేజీనే అడిగేది, దాంతో సైట్ మొత్తం పడిపోయింది. అది డాట్‌నెట్ సర్వర్, ఎన్నో థ్రెడ్లున్నది. వీ8లోని రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ ఇంజిన్ కూడా మామూలుగా ఇలా వెనక్కి తిరిగి వెతికేదే. ఒక్క థ్రెడ్డున్న నోడ్‌లో అలాంటి ఒక్క వరుస చాలు. ఇలా ఒక్క ఇన్‌పుట్‌తో లూప్‌ను ఆపడం దాడి మార్గం కూడా అవుతుందని వర్జీనియా టెక్ పరిశోధకులు 2018లో యూజ్‌నిక్స్ భద్రతా సదస్సులో చూపించారు. హెల్త్ చెక్ దీన్ని పట్టుకుంటుందని భరోసా లేదు. కుబర్నెటీస్‌లో హెల్త్ చెక్ చేసే ప్రోబ్ మామూలుగా 10 సెకన్లకోసారి అడుగుతుంది, 1 సెకను ఆగుతుంది, వరుసగా మూడుసార్లు తప్పితేగాని చర్య తీసుకోదు. మన రెండో సర్వర్ కూడా 10 సెకన్లకోసారే బిగుసుకుంటుంది. రెండు లయలూ ఒకదాన్నొకటి తప్పించుకుంటూ నెలల తరబడి నడిచిపోవచ్చు.

ఇంకా కొన్ని ప్రక్రియలు నడిపితే తీరిపోయే సమస్యకు ఇంత లెక్క ఎందుకన్న వాదనలో కొంత నిజముంది. భారం ఎక్కువై వచ్చిన ఆలస్యం అలా తగ్గుతుంది. పెద్ద పని వల్ల వచ్చిన ఆలస్యం తగ్గే తీరు వేరు: ఎక్కువమందికి తప్పుతుంది, పడ్డవాళ్లు మాత్రం అదే 2 సెకన్ల దాకా ఆగుతారు. ఏది ఏ రకమో చెప్పేది రెండు కొలతలూ పక్కపక్కన పెట్టిన చూపే. ఈఎల్‌యూ ఎక్కువగా, సగటు నిరీక్షణ దానికి తగ్గట్టుగా ఉంటే యంత్రాలు పెంచాలి. ఈఎల్‌యూ తక్కువగా, నిరీక్షణ ఎక్కువగా ఉంటే ఆ పెద్ద పనిని ముక్కలు చేసి మధ్యలో సెట్ ఇమ్మీడియట్‌తో లూప్‌కు ఊపిరి ఇవ్వాలి, లేదా వర్కర్ థ్రెడ్‌కు తరలించాలి. వర్కర్‌కు తన సొంత లూప్, తన సొంత ఈఎల్‌యూ ఉంటాయి.

ఏ పని దోషో ఈ అంకెలు చెప్పవన్నది సరైన మాటే. 2014లో నెట్‌ఫ్లిక్స్ ఇంజనీర్లు తమ నోడ్ సర్వర్లలో ఆలస్యం 1 మిల్లీసెకనుతో మొదలై గంటకు 10 చొప్పున పెరగడం చూశారు. సమయం ఏ ఫంక్షన్లలో పోతోందో చూపే ఫ్లేమ్ గ్రాఫ్ గీస్తే వెబ్ ఫ్రేమ్‌వర్క్ అయిన ఎక్స్‌ప్రెస్ రౌటర్‌లో సమయం పోతోందని తేలింది. రూట్లను తాజా చేసే వాళ్ల సొంత కోడ్ ఒకే హ్యాండ్లర్‌ను మళ్లీ మళ్లీ పట్టికలో చేరుస్తోంది, రౌటర్ ప్రతి రిక్వెస్టుకూ ఆ పట్టికంతా నడుస్తోంది. కారణం దొరికింది ప్రొఫైలర్ వల్లే. ప్రొఫైలర్ పట్టుకోవాలని తెలిసింది మాత్రం ఆ పెరుగుతున్న అంకె వల్ల. ఇక కొలతకయ్యే ఖర్చు గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ఈఎల్‌యూ ఒక లెక్కను చదవడమే, ఆలస్యపు టైమర్ జావాస్క్రిప్ట్‌ను తాకదు.

కొలిచిన అంకెతో సర్వర్ తనను తాను కాపాడుకోవడమూ సాధ్యమే. నోడ్ వెబ్ ఫ్రేమ్‌వర్క్ ఫాస్టిఫై వాళ్ల అండర్ ప్రెషర్ ప్లగిన్ ఆలస్యానికీ, ఈఎల్‌యూకూ వేర్వేరు హద్దులు పెట్టనిస్తుంది. దాటితే 503 కోడ్‌తో మర్యాదగా తిప్పి పంపుతుంది. ఇక్కడ నా పక్షం స్పష్టం: తిప్పి పంపడానికి ఈఎల్‌యూను వాడకూడదు. ఈఎల్‌యూ 0.9 ఉన్నా పనులన్నీ చిన్నవైతే వచ్చినవాళ్లకు కొన్ని మిల్లీసెకన్లలో బదులందుతుంది, వాళ్లను వెనక్కి పంపడం అన్యాయం. నిరీక్షణ హద్దు దాటినప్పుడే తలుపు మూయాలి.

ఈ రెండు కొలతలకూ కనిపించని చోటు ఒకటి మిగిలింది. లిబ్‌యూవీ థ్రెడ్ పూల్‌లో మామూలుగా 4 థ్రెడ్లే ఉంటాయి. ఫైళ్ల పనీ, పాస్‌వర్డ్ హ్యాషింగూ, జిప్ కుదింపూ, పేరును ఐపీ చిరునామాగా మార్చే డీఎన్ఎస్ లుకప్పూ అక్కడికే వెళ్తాయి. ఒక్కో హ్యాష్‌కు 200 మిల్లీసెకన్లు పడితే ఆ నలుగురూ కలిసి సెకనుకు 20 లాగిన్లే తీర్చగలరు. 30 వస్తే సెకనుకు 10 చొప్పున వెనకబడతారు. వాటి వెనకే ఇరుక్కున్న డీఎన్ఎస్ లుకప్ వల్ల బయటి సర్వర్లకు వెళ్లాల్సిన కాల్స్ కూడా ఆగిపోతాయి. ఇంత జరుగుతున్నా లూప్ ఈపోల్ దగ్గర హాయిగా నిద్రపోతుంటుంది, ఈఎల్‌యూ కిందికి దిగుతుంది, ఆలస్యపు టైమర్ ఠంచనుగా మోగుతుంది. ఇక్కడ కూడా వేచి ఉన్నవాడి గడియారాన్నే వరుసలో నిలబెట్టాలి. ఉన్నదని తెలిసిన ఒక చిన్న ఫైలు వివరాన్ని సెకనుకోసారి అసింక్ పద్ధతిలో అడిగి, జవాబుకు పట్టిన సమయాన్ని రాసుకుంటే చాలు. లూప్ ఆలస్యం దానిలోంచి తీసేశాక మిగిలేది దాదాపుగా పూల్ ముందరి నిరీక్షణే. యూవీ థ్రెడ్‌పూల్ సైజ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ను 4 నుంచి 8కి పెంచాలా, 16కి పెంచాలా, హ్యాషింగ్‌ను వేరే సేవకు పంపాలా అన్నది ఆ అంకెను రద్దీ వేళలో ఒక వారం చూశాక తేల్చుకోవాల్సిన సంగతి.